అప్‌డేట్: నేలపట్టు గూడబాతుల ఫొటోలు ఎందుకు మసకబారుతున్నాయంటే

నేలపట్టు పక్షుల అభయారణ్యంలో 600 ఎంఎం లెన్స్‌తో తీసిన గూడబాతుల (పెలికాన్ల) ఫొటోలు మసకగా, ఈకలు సున్నం కొట్టినట్టు వస్తున్నాయని, కారణమేంటని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. అవి రెండు వేర్వేరు సమస్యలు.

మసకకు కారణం లెన్స్ కాదు, ఎండ. చెరువు మీద గాలి వేడెక్కి కదులుతుంటే దూరపు గూళ్లు వణికినట్టు కనిపిస్తాయి. షట్టర్ వేగం 1/3200 సెకనుకి పెంచినా, ట్రైపాడ్ వేసినా అది పోదు. ఎండెక్కకముందే తీయాలి, దగ్గరి చెట్టునే ఎంచుకోవాలి.

ఇక ఈకలు. వెనక ముదురు రంగు చెట్లుంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7 నుంచి 1 దాకా తగ్గిస్తే ఈకల గీతలు నిలుస్తాయి. పులికాట్ సరస్సులోని రాజహంసలకు (ఫ్లెమింగోలకు) ఇది తిరగబడుతుంది: మెరిసే నీళ్ల వల్ల పక్షి నల్లబడుతుంది, ప్లస్ వైపు వెళ్లాలి.

అన్నిటికన్నా విలువైన సలహా గాలి గురించి ఇచ్చినది. పక్షులు గాలికి ఎదురుగానే లేస్తాయి, వాలతాయి. గాలి మన వీపుకు తగిలేలా నిలబడితే వాటి ముఖాలు మనవైపే ఉంటాయి. ఎగిరేవాటికి షట్టర్ 1/2000, ఆటో ఐఎస్‌ఓ (వెలుగును బట్టి కెమెరాయే సెన్సర్ సున్నితత్వం మార్చుకునే సెట్టింగ్) చాలు.

గూళ్ల దగ్గర డ్రోన్ మాత్రం వద్దే వద్దు. పెద్ద పక్షులు బెదిరి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయి, ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి.