సీహెచ్ఏ వాంగ్మూలంతో షోకాజ్ నోటీసు, అతన్ని క్రాస్ చేయనివ్వరా?

ప్రశ్న:
చైనా నుంచి ఎల్ఈడీ విడిభాగాలు తెప్పిస్తాం. ధర తగ్గించి చూపామని షోకాజ్ నోటీసు వచ్చింది, చదివితే అంతా మా పాత సీహెచ్ఏ (కస్టమ్స్‌లో మా సరుకు పనులు చూసిన ఏజెంటు) కస్టమ్స్ చట్టం సెక్షన్ 108 కింద అధికారులకు ఇచ్చిన వాంగ్మూలమే. మిగతా సొమ్ము హవాలాలో పంపామన్నాడట. కమిషన్ దగ్గర గొడవై విడిపోయిన మనిషి అతను. అతన్ని పిలిపించండి, ప్రశ్నలేస్తాం (క్రాస్ ఎగ్జామినేషన్) అని జవాబులో ఒక ముక్క రాశాం. హియరింగ్‌లో ఆఫీసరు గారు "ఇది కోర్టు కాదండీ" అన్నారు. అంతేనా ఇక?

జవాబు 1:
కోర్టు కాదు, నిజమే. కానీ కస్టమ్స్ చట్టం 138బీ చదవండి. వాంగ్మూలం ఇచ్చినవాడు చనిపోతేనో, దొరక్కపోతేనో తప్ప, మామూలుగా అతన్ని ముందు సాక్షిగా విచారించాలి, ఆ తర్వాతే ఆ కాగితాన్ని సాక్ష్యంగా తీసుకోవాలో లేదో తేల్చాలి. ఇది కోర్టు బయట జరిగే విచారణలకూ వీలైనంతవరకు వర్తిస్తుందని అందులోనే ఉంది. ఎక్సైజ్ చట్టంలో సెక్షన్ 9డీ కూడా ఇలాంటిదే. ఆండమాన్ టింబర్ కేసులో (2015, అదీ ఎక్సైజే) సాక్షుల మాటల మీదే ఆర్డరు నడిచినా వాళ్లను క్రాస్ చేయనివ్వలేదని సుప్రీంకోర్టు ఆ ఆర్డరునే చెల్లదంది.

జవాబు 2:
అడిగితే చాలు ఇచ్చేస్తారనుకోకండి. సుర్జీత్ సింగ్ ఛాబ్రా కేసు (1997) ఉంది కదా, అక్కడ అతను పంచ్ సాక్షులను (పంచనామాకు సాక్షులుగా ఉన్నవాళ్లను) క్రాస్ చేస్తానన్నాడు, నీ ఒప్పుకోలు ఉంది కాబట్టి వాళ్లు అక్కర్లేదంది సుప్రీంకోర్టు. ఒప్పుకోలు వెనక్కి తీసుకున్నా లాభం లేకపోయింది. మీవైపు నుంచి ఎవరైనా వాంగ్మూలం ఇచ్చారా?

ప్రశ్న అడిగినవారు:
ఇచ్చారండీ, అదే టెన్షన్. మా పార్టనర్ రాత్రి పదకొండింటికి సంతకం పెట్టి వచ్చాడు. ధర గురించి "అవును" అని ఉంది, హవాలా ఊసు లేదు. మూడు నెలలైంది, వెనక్కి తీసుకుంటున్నానని ఎక్కడా రాయలేదు.

జవాబు 2:
ఈ సంగతి ముందే చెప్పాల్సింది! ధర విషయంలో మీ చేయి బలహీనం, ఇంత ఆలస్యంగా రాస్తే వకీలు రాయించాడంటారు. హవాలా మాట మాత్రం సీహెచ్ఏ ఒక్కడిదే కాబట్టి అక్కడే పట్టుపట్టండి.

జవాబు 1:
నాదీ అదే మాట. ఒక ముక్కతో సరిపెట్టకుండా వేరే ఉత్తరం ఇవ్వండి: ఎవరిని, వాంగ్మూలంలో ఏ పేరా మీద, ఎందుకు ప్రశ్నించాలో రాసి, కమిషన్ గొడవ కాగితాలు జతచేసి, కుదరదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వమనండి. రసీదు ముద్ర మరిచిపోవద్దు, రేపు ట్రిబ్యునల్‌లో మొదట అడిగేది అదే. వాయిదాలు ఊరికే వాడేయకండి, కస్టమ్స్ చట్టం 122ఏ ప్రకారం ఒక్కొక్కరికి మూడే.