మొదటి స్నోకైట్ ఏది తీసుకోవాలి? ఒక్కడినే నేర్చుకోవచ్చా?

తెల్లదారి:

అందరికీ నమస్కారం. స్కీయింగ్ ఓ మాదిరిగా వచ్చు, మధ్యరకం వాలుల్లో భయం లేకుండా దిగుతాను. కొంతకాలంగా 3 చదరపు మీటర్ల రెండు లైన్ల ట్రైనర్ కైట్‌ను మైదానంలో ఎగరేస్తున్నాను. ఎనిమిది ఆకారంలో తిప్పడం, నడినెత్తిన నిలపడం అలవాటయ్యాయి. ఈ శీతాకాలం మంచు మీదికి వెళ్లి, కైట్ లాగుతుంటే జారాలని ఉంది. నా బరువు 72 కిలోలు.

నీళ్ల మీద కైటింగ్ చేసే స్నేహితుడు తన 12 చ.మీ. గాలి కొట్టే కైట్ ఇస్తానంటున్నాడు. ఇంకొకరి దగ్గర రెండు హ్యాండిళ్లతో నాలుగు లైన్ల పాత ఫాయిల్ (గట్టి చట్రం లేని గుడ్డ కైట్) ఉంది, 6 చ.మీ. ఈ రెండూ కాదంటే డీపవర్ ఫాయిల్, అంటే చేతిలోని బార్‌ను (కడ్డీని) ముందుకు నెట్టి లాగుడు తగ్గించగలిగేది, కొనాలి. ఏది నయం? స్కీలతో మొదలుపెట్టాలా, స్నోబోర్డుతోనా? దగ్గర్లో నేర్పేవాళ్లు లేరు. వీడియోలు చూసి ఒక్కడినే దిగితే ఏమైనా ఇబ్బందా?

గాలివాటం:

స్కీలే. బోర్డు మీద రెండు కాళ్లూ బిగించుకుని మంచులో కూర్చుని ఉంటారు, పైన కైట్ లాగుతూ ఉంటుంది. కొత్తలో ఆ రెండింటినీ ఒకేసారి చూసుకోవడం కష్టం. స్కీలతో అయితే నిలబడే ఉంటారు, పక్కకి రెండడుగులు వేయగలరు, దిశ మార్చడమూ తేలిక. పడితే ఊడే బైండింగ్‌లు (బూటును స్కీకి బిగించేవి) ఉండాలి, వాటి బిగింపు ఒకసారి సరిచూపించుకోండి.

12 చ.మీ. మాత్రం వద్దండి. నీళ్లు బోర్డును పట్టి ఉంచుతాయి కాబట్టి అక్కడ అంత పెద్దది కావాలి. గట్టి మంచు మీద స్కీకి ఆ పట్టు ఉండదు, చాలా చిన్న కైటే కదిలించేస్తుంది.

మంచుగట్టు:

తెల్లదారి గారూ, కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి. కొత్తవాళ్లను మంచు మీద నిలబెట్టి నేర్పించడం నా పని. కైట్ గురించి ఎవరు అడిగినా నేను ముందు చూసేది దాన్ని ఎంత తేలిగ్గా చంపొచ్చు అని. ఎంత లాగుతుంది అన్నది తర్వాత సంగతి. మందపాటి గ్లౌజులు వేసుకుని, కళ్లజోడు మీద మంచు పేరుకుని, కంగారులో ఉన్నప్పుడు ఒక్క చేత్తో ఆ లాగుడు పోగొట్టగలగాలి. మీ మూడు దారులనూ ఆ లెక్కన చూడండి.

హ్యాండిళ్ల ఫాయిల్‌కు డీపవర్ ఉండదు. గాలి పెరిగితే రెక్క వాలు తగ్గించే దారి లేదు, పూర్తిగా వదిలేయడం ఒక్కటే. అదీ బ్రేక్ లైన్లకు కిల్లర్ పట్టీలు (మణికట్టుకు తగిలించుకునేవి) కట్టుకుని ఉంటేనే, లేకపోతే కైట్ గాలివాలున ఎవరి మీదికో పోతుంది. హ్యాండిళ్లను నడుముకు తగిలించుకుంటే ఇంకా ప్రమాదం. ఆ పాతది వదిలేయండి.

గాలి కొట్టే కైట్ మంచు మీద పనికిరాదని కాదు, నీళ్ల వాళ్లు చాలామంది వాడతారు. కానీ మీరు ఒక్కరే ఉంటారు. దాన్ని దించడానికి రెండో మనిషి ఉంటే మంచిది. చలికి బ్లాడర్లు (గాలి నింపే లోపలి తిత్తులు) బిరుసెక్కుతాయి, స్కీ అంచు తగిలితే గుడ్డ చిరుగుతుంది.

డీపవర్ ఫాయిల్ కొనండి, ఓపెన్ సెల్‌ది, అంటే ముందు అంచున గదులు తెరిచి ఉండేది. క్లోజ్డ్ సెల్ ఫాయిల్‌లోకి వెళ్లిన గాలి కవాటాల వల్ల లోపలే ఉండిపోతుంది, దించాక కూడా ఉబ్బే ఉంటుంది. నీళ్ల మీద అది వరం, మంచు మీద కొత్తవాడికి అదనపు పని. ఓపెన్ సెల్ దించగానే చప్పబడుతుంది. ఒకే పొర ఉండే ఫాయిల్స్ కూడా వస్తున్నాయి, ఫ్లైసర్ఫర్ పీక్ లాంటివి. తేలిక, చిన్న సంచిలో పడతాయి, తక్కువ గాలిలో చక్కగా లేస్తాయి. కాకపోతే సైజు చిన్నగా కనిపించినా లాగుడు ఎక్కువ, ఆ సైజును మామూలు ఫాయిల్ లెక్కతో పోల్చకండి. ఓజోన్ యాక్సెస్ తరహా నెమ్మదైన రెండు పొరల ఫాయిల్ మీకు సరిగ్గా కుదురుతుంది. మీ బరువుకు 8 చ.మీ. అటూ ఇటుగా చూడండి. రెండు సైజుల మధ్య ఊగిసలాడితే చిన్నదే తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే గుడ్డ కంటే ముందు బార్ చూడండి. కైట్ల క్విక్ రిలీజ్‌కు (ఒక్క లాగుతో కైట్ లాగుడు పోగొట్టే విడుదల పరికరానికి) 2020లో ఐఎస్ఓ 21853 అనే ప్రమాణం వచ్చింది, దానికి సరిపోయే బార్ దొరికితే మంచిది. పాత కైట్‌కు కొత్త బార్ పెట్టొచ్చు గానీ లైన్ల అమరిక ఆ కైట్‌కు నప్పాలి, తయారీదారు పుస్తకం చూసి నిర్ధారించుకోండి.

ఇప్పుడు అసలు పాఠం. బార్‌ను దూరంగా నెడితే లాగుడు చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. పెద్ద జోరు వస్తే ఆ మిగిలిందే మనిషిని ఈడుస్తుంది. అప్పుడు క్విక్ రిలీజ్. కైట్ ఒక్క సేఫ్టీ లైను మీదికి మారి, గాలి పట్టు పోయి, రెపరెపలాడుతూ కింద పడుతుంది. అప్పటికీ లాగితే లీష్ (మిమ్మల్ని ఆ సేఫ్టీ లైనుకు కలిపే తాడు) కూడా విప్పేయాలి, అది ఆఖరి మెట్టు. నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్ల చేతా స్కీలు లేకుండా, మెల్లని గాలిలో, కళ్లు మూసుకుని క్విక్ రిలీజ్ లాగిస్తాను. చేయి దానంతటదే అక్కడికి వెళ్లేదాకా లాగిస్తూనే ఉంటాను. విసుగు పుడుతుంది. అయినా సరే, అది రాకుండా స్కీలు తగిలించనివ్వను.

ఒక చిన్న విషయం ఎవరూ చెప్పరు. తడి మంచు ఆ రిలీజ్ గొట్టం లోపల చేరి, చలికి గడ్డకట్టి బిగుసుకుంటుంది. పడి లేచిన ప్రతిసారీ బొటనవేలితో దాన్ని కదిపి చూడండి. కదలకపోతే ఆ రోజుకు సవారీ ఆపి, బార్‌ను వెచ్చని చోటికి తీసుకెళ్లి ఆరబెట్టండి.

గాలి లెక్క తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది. లాగుడు గాలి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలి 7 అయితే లాగుడు దాదాపు రెండింతలు, 10 అయితే నాలుగింతలు. పైగా చలిగాలి చిక్కన. మైనస్ 20 డిగ్రీల గాలి, ప్లస్ 20 డిగ్రీల గాలి కంటే సుమారు 16 శాతం బరువు. మీ ట్రైనర్ మైదానంలో ఒక వేగానికి ఎలా లాగిందో, అదే వేగానికి చలిలో ఇంకాస్త ఎక్కువ లాగుతుంది. చేతిలో పట్టుకునే గాలి మీటర్ ఒకటి తీసుకోండి. మొదట్లో సెకనుకు 4 నుంచి 6 మీటర్లు చాలు. ఉన్నట్టుండి వచ్చే గాలి జోరు సగటు వేగానికి ఒకటిన్నర రెట్లు దాటుతుంటే కైట్ విప్పనే వద్దు. చెట్ల వెనుక, కొండ వెనుక గాలి సుడి తిరుగుతుంది, ఆ అడ్డంకి ఎత్తుకు పది రెట్ల దూరం వరకైనా ఆ ప్రభావం ఉందనుకుని నిలబడండి.

ఒక్కరే వెళ్లొచ్చా అన్నారు. నేనైతే వద్దనే అంటాను. కనీసం మొదటి కొన్ని రోజులు ఎక్కడైనా శిక్షకుడి దగ్గరికి వెళ్లండి, ప్రయాణం చేయాల్సి వచ్చినా సరే. వీడియో మీ తప్పును చూడలేదు.

తెల్లదారి:

మంచుగట్టు గారూ, చాలా థ్యాంక్స్. శిక్షణ కోసం వెళ్తాను, నిర్ణయించుకున్నాను. ఇంకో రెండు సందేహాలు. కైట్‌ను ఒక్కరే దించడం ఎలా? దగ్గర్లో గడ్డకట్టిన చెరువు ఉంది, వెనుక చిన్న కొండ ఉంది. అక్కడ సాధన చేయొచ్చా?

మంచుగట్టు:

దించడం: కైట్‌ను గాలి కిటికీ (మీకు గాలివాలున కైట్ ఎగరగలిగే మేర) అంచుకు తెచ్చి, వెనుక లైన్లను లేదా బ్రేక్ పట్టీని సమానంగా లాగండి. ఫాయిల్ వెనక్కి జారుతూ, వెనుక అంచు ముందుగా నేల మీద వాలుతుంది. ఆ పట్టు వదలకుండా బార్‌ను మంచులో దిగేసిన యాంకర్‌కు గానీ ఐస్ స్క్రూకు గానీ తగిలించి, లైన్ల వెంట నడిచివెళ్లి వెనుక అంచు మీద మంచు కప్పండి. లేపేటప్పుడు కూడా అంతే. కైట్ వెల్లకిలా, వెనుక అంచు మీ వైపు, దాని మీద మంచు. గాలికి సూటిగా కాకుండా కొంచెం పక్కన నిలబడి లేపితే నడిమధ్య నుంచి దూసుకురాదు.

లేచాక, గాలికి అడ్డంగా వెళ్లి మొదలుపెట్టిన చోటికే రావడం నేర్చుకోండి. గాలివాలున ఎంతదూరమైనా పోవడం తేలికే, లోతు మంచులో స్కీలు మోసుకుంటూ తిరిగి నడవడమే కష్టం. అలసట వచ్చాక చలి పట్టుకుంటుంది. మైనస్ 10 డిగ్రీల్లో సెకనుకు 10 మీటర్ల గాలి వీస్తే ఒంటికి తగిలేది మైనస్ 20 లాగే ఉంటుంది.

గడ్డమంచు:

చెరువు గురించి నేను చెబుతాను. స్వచ్ఛమైన నల్లటి మంచు 10 సెం.మీ. ఉంటే ఒక మనిషి నడవొచ్చని సాధారణ లెక్క. తెల్లటి, గాలి బుడగలున్న మంచు అందులో సగం బలమే. వాగు వచ్చి కలిసే చోట, రెల్లు దగ్గర, వంతెన కింద మందం ఒక్కసారిగా పడిపోతుంది. కైట్ ఉన్నవాడు నిమిషంలో చెరువంతా చుట్టేస్తాడు కాబట్టి ఒక్కచోట రంధ్రం చేసి చూసి నమ్మకండి, పలుచోట్ల చూడండి. ఐస్ పిక్‌లు (నీళ్లలో పడితే మంచుకు గుచ్చి పైకి రావడానికి) మెడలో వేలాడాలి, సంచిలో కాదు.

కొండ మీదికి ఇప్పుడే వద్దు. కైట్ అలసట లేకుండా పైకి లాక్కెళ్తుంది, అదే చిక్కు. నడిచి ఎక్కేవాడికి మంచు పొరలు పాదాల కింద తెలుస్తాయి, మీకు తెలియవు. హిమపాతాలు ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లో. ఆ చదువు, బీకన్ (మంచులో కూరుకున్నవాణ్ణి వెతికే రేడియో పరికరం), పార, ప్రోబ్ (మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కడ్డీ), తోడు మనిషి ఉన్నప్పుడే వెళ్లండి. కరెంటు తీగలు, కంచెలు, రోడ్డు గాలివాలున ఉన్న చోటు ఎంత బాగున్నా పనికిరాదు. ఆకాశం, నేల ఒకే తెలుపైపోయిన రోజు గుంతలు కనిపించవు, ఆ రోజు కూడా ఆపేయండి. హెల్మెట్ గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

తెల్లదారి:

అర్థమైంది. చెరువు పక్కన వెడల్పైన పొలం ఉంది, అటువైపు తీగలు లేవు. అక్కడే మొదలుపెడతాను. కొత్త కైట్ లైన్లు ఏమైనా సరిచేయాలా?

మంచుగట్టు:

కొత్తవి సాధారణంగా సమానంగానే వస్తాయి. కొన్నాళ్లు వాడాక ముందు లైన్లు ఎక్కువ బరువు మోసి కాస్త సాగుతాయి. దాంతో వెనుక లైన్లు పొట్టివైనట్టై, కైట్ ముందుకు పోకుండా వెనక్కి జారుతుంటుంది. నాలుగింటి చివరలనూ ఒకే స్తంభానికి తగిలించి, ట్రిమ్ (ముందు లైన్ల పొడవు సరిచేసే పట్టీ) పూర్తిగా వదిలి, బార్‌ను దగ్గరికి లాక్కుని చూడండి. బార్ వంకరగా నిలిచినా, ముందు లైన్లు వేలాడినా, మళ్లీ సమానం చేశాకే ఎగరేయండి.