కాంగో, 1960: సెప్టెంబర్ 5 తర్వాత ప్రధాని ఎవరని రాయాలి?

వలస పాలన నుంచి బయటపడ్డ దేశాల అధినేతల పట్టిక తయారవుతోంది. దేశాధినేతకు ఒక గడి, ప్రభుత్వాధినేతకు ఇంకొకటి. ఘనాతో పేచీ లేదు: 1957 మార్చి 6 నుంచి ఎన్‌క్రుమా ప్రధాని, దేశాధినేత మాత్రం ఎలిజబెత్ రాణి; 1960 జూలై 1న రిపబ్లిక్ అయ్యాక ఆయనే అధ్యక్షుడు. మన దగ్గరా 1950 జనవరి 26 దాకా దేశాధినేత ఆరో జార్జి రాజే కదా, చాలా పట్టికల్లో ఆ గడిలో రాజాజీ పేరు వేసేస్తారు.

చిక్కంతా కాంగోతోనే. సెప్టెంబర్ 5 రాత్రి అధ్యక్షుడు కాసావుబు రేడియోలో ప్రధాని లుముంబాను తొలగించి, ఆ పదవిలో ఇలియోను నియమించారు. లుముంబా కూడా రేడియోలోనే కాసావుబును తొలగించినట్టు ప్రకటించారు. 7న పార్లమెంటు దిగువ సభ రెండు తొలగింపులూ చెల్లవంది. 14న సైన్యాధికారి మొబుటు కాసావుబు, లుముంబా ఇద్దరినీ పక్కనపెట్టి, పాలన బొంబొకో నాయకత్వంలోని కమిషనర్లకు అప్పగించాడు. డిసెంబర్‌లో తూర్పు కాంగో నగరం స్టాన్లీవిల్‌లో లుముంబా ఉపప్రధాని గిజెంగా పోటీ ప్రభుత్వం పెట్టారు.

లుముంబా పదవీకాలం సెప్టెంబర్ 5తో ముగించాలా, 14తోనా? సభ మాటను పక్కనపెట్టడం అన్యాయమనిపిస్తోంది. గిజెంగాకు విడి వరుస ఇవ్వాలా, అడుగున గమనిక చాలా? ఇలాంటి పట్టికలు చేసినవాళ్లు ఏ నియమం పాటించారో, ఎందుకో చెప్పగలరు.