టీనేజ్ క్యాన్సర్ పిల్లలకి విడిగా గది కోసం మా బ్యాచ్ డబ్బులు పోగేస్తోంది, ఎలా ఇవ్వాలో తెలిసినవాళ్ళు చెప్పండి

పల్నాడు 98 బ్యాచ్
అందరికీ నమస్కారం. మాది ఒక జడ్పీ హైస్కూల్, 1998 టెన్త్ బ్యాచ్. మాలో ఒకడి కూతురికి పోయినేడాది బ్లడ్ క్యాన్సర్ అని తేలింది, ఏఎల్ఎల్ అంటారు, అప్పటికి పాపకి పదిహేనేళ్ళు నిండి నెల కూడా కాలేదు. పిల్లల వార్డులో పద్నాలుగేళ్ళ దాకానే అన్నారు, పెద్దవాళ్ళ వార్డులో బెడ్ ఇచ్చారు. చుట్టూ అరవై డెబ్భై ఏళ్ళ వాళ్ళు, రాత్రంతా మూలుగులు, మూడో రోజు పక్క బెడ్ ఆవిడ పాప కళ్ళ ముందే పోయింది, ఆ తర్వాత వారం రోజులు పాప నోరు విప్పలేదంట. ఇప్పుడు దేవుడి దయవల్ల మెయింటెనెన్స్‌లోకి, అంటే జబ్బు తిరగబెట్టకుండా మందులు వాడే దశలోకి వచ్చింది, ఇంటి దగ్గరే మాత్రలు వేసుకుంటోంది. వాడు మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు ఈ సంగతంతా చెప్పి, ఈ వయసు పిల్లలకి విడిగా ఒక గది ఉంటే బాగుండేదిరా అన్నాడు. అక్కడికక్కడే అనుకున్నాం. 52 మందిమి కలిసి ఇప్పటికి 4 లక్షల 60 వేలు పోగేశాం, ఊళ్ళో వాళ్ళూ ఇస్తామంటున్నారు. డబ్బంతా ఒక ఫ్రెండ్ సొంత అకౌంట్‌కి ఫోన్‌పేలో వస్తోంది. ఇది కరెక్టేనా? అమెరికాలో ఉన్నవాళ్ళు ఎలా పంపాలి? ఆరు బెడ్ల గది కట్టిస్తామంటే హాస్పిటల్ వాళ్ళు ఒప్పుకుంటారా? హాస్పిటల్ ఒక ట్రస్ట్ నడిపేది, పేరు ఇక్కడ రాయను.

బెజవాడ ఆడిటర్
తమ్ముడూ, ముందు ఆ ఫోన్‌పే ఆపండి, ఇవాళే ఆపండి. మీ ఫ్రెండ్ ఎంత నిజాయితీపరుడైనా ఆ నాలుగున్నర లక్షలు అతని అకౌంట్‌లోకి వచ్చిన డబ్బే, రేపు నోటీసు వస్తే సమాధానం చెప్పుకోవాల్సింది అతనే. ఇంకోటి, ఇచ్చినవాళ్ళకి పన్ను మినహాయింపు కూడా పోతుంది, ఎందుకంటే రసీదు ఎవరి అకౌంట్ నుంచి ట్రస్ట్‌కి డబ్బు వెళ్తే వాళ్ళ పేరు మీదే వస్తుంది. కాబట్టి వచ్చినవన్నీ తేదీ, పేరు, మొత్తం రాసుకుని ఎవరివి వాళ్ళకి వెనక్కి వేసేయండి, వాళ్ళ చేతే నేరుగా హాస్పిటల్ ట్రస్ట్ అకౌంట్‌కి వేయించండి. పని పెరుగుతుంది, తెలుసు, కానీ స్నేహాలు మిగులుతాయి. నేను చూసిన ఒక బ్యాచ్‌లో లెక్కల దగ్గరే మాటా మాటా వచ్చి పాతికేళ్ళ నుంచి కలిసున్నవాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు, అందులో ఎవరూ రూపాయి తినలేదు, కాయితం సరిగ్గా లేదంతే.

వేసే ముందు ట్రస్ట్ వాళ్ళని పన్ను మినహాయింపు ఉన్న ట్రస్ట్ అని చూపే రిజిస్ట్రేషన్ కాపీలు, 12ఏ, 80జీ అంటారు, అవి అడగండి, మంచి హాస్పిటల్ అయితే వెంటనే ఇస్తారు. ప్రతి ఒక్కరి పాన్ నంబర్ ఇవ్వాలి. ఏడాది అయ్యాక మే 31 లోపు వాళ్ళు విరాళం సర్టిఫికెట్, 10బీఈ అంటారు, అది ఇవ్వాలి, మామూలు రసీదు ఒక్కటీ చాలదు. నగదు 2000 దాటితే మినహాయింపు లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే ఇది వర్తిస్తుంది, కొత్తదానిలోకి మారినవాళ్ళు రసీదు దాచుకున్నా లాభం లేదు, ఇది ముందే చెప్పండి, తర్వాత అడిగితే మీకే ఇబ్బంది.

ఈ ఒక్క పని కోసం మీరు సొంతంగా సొసైటీ పెట్టకండి. ఏడుగురు సభ్యులు, రిజిస్ట్రేషన్, ఏటా ఆడిట్, రిటర్న్‌లు, మూడో ఏడాదికి ఎవరికీ ఓపిక ఉండదు.

డల్లాస్ నుంచి
అమెరికా సంగతి నేను చెప్తాను. మీ ఫ్రెండ్స్ దగ్గర ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, వాళ్ళ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా సిటిజెన్ అయిపోయినవాళ్ళది మాత్రం, విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, విదేశీ విరాళమే. దానికి హాస్పిటల్ ట్రస్ట్‌కి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండి తీరాలి, 2020లో చట్టం మార్చాక ఆ డబ్బు ఢిల్లీలో ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఉన్న అకౌంట్‌కే రావాలి. సిటిజెన్ అయిన ఫ్రెండ్ మీలో ఎవరి అకౌంట్‌కో వేసి మీరు ట్రస్ట్‌కి ఇవ్వడం అనే అడ్డదారి వద్దు, మీతోపాటు హాస్పిటల్ కూడా చిక్కుల్లో పడుతుంది. ఇక్కడ 501సీ3 హోదా, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ ద్వారా ఇస్తే చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత మొత్తం తామూ కలుపుతాయి, వాళ్ళ హెచ్‌ఆర్‌ని అడగమనండి.

పెద్ద ఉదాహరణ మన కళ్ళ ముందే ఉంది కదా, హైదరాబాద్‌లో బసవతారకం హాస్పిటల్ 2000లో మొదలైందంటే దాని వెనక ఇక్కడి తెలుగు డాక్టర్ల చెయ్యి కూడా ఉంది. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఇస్తారు, దారి సరిగ్గా చూపించాలి.

కరీంనగర్ అమ్మ
అన్నా, నేను ఆడిటర్‌ని కాదు, మా బాబుకి ఏడేళ్ళప్పుడు ఇదే ఏఎల్ఎల్ వచ్చింది, రెండున్నరేళ్ళు ట్రీట్‌మెంట్ నడిచింది, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నడు. అందుకే ఒక మాట చెప్తా, ఏమనుకోకండి. గది కడతామని మీరే డిసైడ్ అయిపోయిన్రు, కానీ అక్కడి పిల్లలకి ఏం కావాల్నో ఇంకా ఎవరినీ అడగలేదు. ముందు పోయి వార్డు సిస్టర్‌ని, సోషల్ వర్కర్‌ని కలవండి. డైరెక్టర్‌ని కలిస్తే పెద్ద లిస్టు వస్తది, సిస్టర్‌ని కలిస్తే అసలు లిస్టు వస్తది.

మేం ఉన్నప్పుడు మా వార్డుల నుంచి ట్రీట్‌మెంట్ మధ్యల ఇంటికి పోయి మళ్ళీ రాని పిల్లలున్నరు. కీమో పైసలకి కాదు, అది స్కీముల అయిపోయేది. తండ్రి కూలీకి పోకపోతే ఇల్లు గడవదు, తల్లి ఇక్కడ, ఇంకో పిల్ల ఊర్ల అమ్మమ్మ దగ్గర, వారం వారం బస్సు చార్జీలు, హాస్పిటల్ బయట రూము కిరాయి, మూడు పూటల తిండి. ఇండక్షన్ అంటే మొదటి నెల, దాని తర్వాత బాబు కొంచెం నవ్వి ఆడుకుంటుంటే తగ్గిపోయింది కదా అని ఇంటికి తీస్కపోతరు. మళ్ళీ తిరగబెట్టినంక వస్తరు, అప్పటికి చేతుల ఉండది. ఇదే ఏఎల్ఎల్ మందులు మధ్యల ఆపకుంటే ఎక్కువ మంది పిల్లలకి నయమయ్యే జబ్బు, మా డాక్టర్ గారు మొదటి రోజే చెప్పిన మాట అది.

అందుకే మీ పైసల్ల కొంత బస్సు చార్జీలకి, ఉండే చోటుకి పెట్టండి. సెయింట్ జూడ్ ఇండియా వాళ్ళు దూరం నుంచి వచ్చే పిల్లల కుటుంబాలకి ఫ్రీగా వసతి ఇస్తరు, కడల్స్ ఫౌండేషన్ పిల్లల తిండి సంగతి చూస్తది, మీ హాస్పిటల్‌తోటి ఎవరు పనిచేస్తున్నరో అడగండి, ఉన్నదానికే తోడు నిలబడితే చాలు. రైల్లయితే క్యాన్సర్ పేషెంట్‌కి స్లీపర్‌ల టికెట్ ఫ్రీ, తోడు పోయే ఒక్క మనిషికి 75 శాతం తగ్గింపు, హాస్పిటల్ సర్టిఫికెట్ కావాలె. ఇది తెల్వక పూర్తి టికెట్ కొనేటోళ్ళు ఎంతమందో. ఆ ఫారం నింపిచ్చే మనిషి ఒక్కరున్నా పెద్ద సాయమే.

పల్నాడు 98 బ్యాచ్
అక్కా, మీ మాట చదివి గ్రూపులో పెట్టాను, ఎవరూ ఏమీ అనుకోలేదు. బాబు ఇంటర్ చదువుతున్నాడని వినగానే మావాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు, గొంతు పూడుకుపోయి సగమే వినిపించింది. కానీ గది మాట కూడా వదలబుద్ధి కావట్లేదు, పాప అడిగింది కూడా అదే.

ఇంగ్లండ్ నర్సు
గది ఆలోచన వదలకండి అన్నయ్యా. నేను ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్‌లో, అంటే ప్రభుత్వ వైద్య సేవలో పనిచేస్తాను. ఇక్కడ టీనేజ్ క్యాన్సర్ ట్రస్ట్ అని ఒక సంస్థ ఉంది, 1990లో లండన్‌లో మిడిల్‌సెక్స్ హాస్పిటల్‌లో ఈ వయసువాళ్ళకి మొదటి యూనిట్ తెరిచారు, ఇప్పుడు 13 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకి దేశమంతా యూనిట్లు ఉన్నాయి. అదంతా జనం ఇచ్చిన డబ్బే, పరుగు పందాలు, స్కూళ్ళలో కేకులు అమ్మడం, అలా పోగేసినవి. నేను ఒక యూనిట్‌లో కొన్నాళ్ళు చేశాను కాబట్టి చెప్తున్నా, గొప్ప మెషీన్లేమీ ఉండవు. బెడ్ దగ్గర కర్టెన్ పూర్తిగా మూసుకుంటుంది, అమ్మో నాన్నో పడుకోవడానికి మడత మంచం, అందరూ కూర్చునే చిన్న గది, అక్కడ టీవీ, ఒక ఫ్రిజ్, అర్ధరాత్రి ఆకలేస్తే ఏదో ఒకటి చేసుకునే వీలు. అన్నిటికంటే ముఖ్యం, జుట్టు ఊడిన ఇంకో పదహారేళ్ళ పిల్ల ఎదురుగా ఉంటుంది.

ఆడపిల్లల సంగతి ప్రత్యేకంగా చూడండి. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్స్ పడిపోయినప్పుడు నెలసరి వస్తే రక్తం ఆగదు, ఆ పిల్ల మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి వాడే బాత్రూమ్‌కి వరండా దాటి నడవాలంటే ఎంత కుంగిపోతుందో. ఒక్క బాత్రూమ్ వాళ్ళకి విడిగా ఇప్పించగలిగినా అదే పెద్ద పని.

బయోమెడికల్ హైదరాబాద్
హాస్పిటల్ మెయింటెనెన్స్ వైపు నుంచి కొన్ని జాగ్రత్తలు.

కొత్త గోడ కట్టడం మాటెత్తకండి. ప్లాను, అనుమతులు, ఫైర్ వాళ్ళ ఎన్‌ఓసీ కాయితం, అది కంపెనీలు సీఎస్‌ఆర్‌లో, అంటే సమాజసేవకి పక్కన పెట్టే డబ్బుతో చేసే స్థాయి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ హాస్పిటల్‌లో కొత్త బ్లాక్ అరబిందో ఫార్మా ఫౌండేషన్ కట్టింది అలాగే. మీ డబ్బుకి ఉన్న గదిని బాగుచేయడం సరిపోతుంది. కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోయి ఇన్ఫెక్షన్ పట్టుకుంటుంది కాబట్టి ఏ సామాను అయినా కడగడానికి వీలుండాలి, గుడ్డ బొమ్మలు, కార్పెట్, పూలకుండీలు వద్దు. గోడకి మామూలు సున్నం కాదు, తుడిస్తే పోని పెయింటు. తలుపు పక్కనే మోచేత్తో తిప్పే కుళాయి ఉన్న వాష్‌బేసిన్. ప్రతి మంచం దగ్గర మూడు నాలుగు ప్లగ్గులు, మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంప్ ఒకదానికి పెడితే పిల్లల ఫోన్‌కి మిగలాలి కదా.

ఏసీ అయినా, ఫిల్టర్ అయినా, ఫ్రిజ్ అయినా కొనేటప్పుడే ఐదేళ్ళ మెయింటెనెన్స్ డబ్బు కూడా కలిపి ఇవ్వండి, లేకపోతే ఇవ్వకండి. దాతల పేర్లు రాసిన చెడిపోయిన మెషీన్లు స్టోర్‌రూముల్లో ఎన్ని చూశానో. ఎంత ఇస్తున్నారు, దేనికి, గది వేరే పనికి వాడకుండా ఎన్నేళ్ళు, ఇవన్నీ రెండు పేజీల ఒప్పందం రాసుకుని ట్రస్ట్ లెటర్‌హెడ్ మీద సంతకాలు చేయించండి. వస్తువులు హాస్పిటలే కొనాలి, బిల్లు వాళ్ళ పేరు మీదే ఉండాలి, మీరు కాపీ తీసుకోండి.

ఫోటోల సంగతి ఒకటి. జుట్టు లేని పిల్లల మొహాలు పెట్టి చందాలు అడగొద్దు, దయచేసి. ఆ పిల్ల రేపు బాగై కాలేజీకి వెళ్తుంది, పెళ్ళవుతుంది, ఆ ఫోటో నెట్‌లో అలాగే ఉంటుంది. ఖాళీ గది ఫోటో పెట్టండి చాలు.

బెజవాడ ఆడిటర్
ఊళ్ళో నగదు వసూలు గురించి ఎవరూ అనలేదు. తిరునాళ్ళలోనో దుకాణాల్లోనో హుండీ పెడితే సీలు వేసి పెట్టండి, విప్పేటప్పుడు ఇద్దరు ముగ్గురు ఉండాలి, అందులో ఒకరు బ్యాచ్ వాళ్ళు కాకుండా హెడ్‌మాస్టర్ గారో పోస్ట్‌మాస్టర్ గారో. లెక్క కాయితం మీద అప్పుడే సంతకాలు, మర్నాడే బ్యాంకులో ట్రస్ట్ అకౌంట్‌కి కట్టేయాలి. మీ పక్కన స్పిన్నింగ్ మిల్లులు గానీ సిమెంటు ఫ్యాక్టరీలు గానీ ఉంటే అడగండి, లాభం 5 కోట్లు దాటిన కంపెనీ అయితే మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి ఖర్చు పెట్టాలి, ట్రస్ట్‌కి సీఎస్‌ఆర్-1 అనే రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటేనే ఇవ్వగలరు.

పల్నాడు 98 బ్యాచ్
ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. డబ్బులన్నీ వెనక్కి వేసేశాం, ముగ్గురు తప్ప అందరూ మళ్ళీ ట్రస్ట్ అకౌంట్‌కి వేశారు, ఆ ముగ్గురికీ పాన్ కార్డు సమస్య, చూస్తున్నాం. పోయిన శనివారం నలుగురం వెళ్ళి కరీంనగర్ అక్క చెప్పినట్టే ముందు వార్డు సిస్టర్‌ని కలిశాం. ఆవిడ మమ్మల్ని ఒక గదికి తీసుకెళ్ళారు, పాత ఫైళ్ళు, విరిగిన వీల్‌చైర్లు పడేసి ఉన్నాయి, ఆనుకునే ఒక బాత్రూమ్. నాలుగు మంచాలు పడతాయి. ఆరు కాదు, నాలుగే. ఫైళ్ళు తీయించే పూచీ హాస్పిటల్‌ది, పెయింటు, కర్టెన్లు, బేసిన్, ప్లగ్గులు, మడత మంచాలు మావి. రాతపూర్వకంగా అడిగాం, ఇస్తామన్నారు.

సోషల్ వర్కర్ మేడం ఇంకోటి అడిగారు. ఈ వయసు పిల్లలు ఎక్కువమంది టెన్త్, ఇంటర్ మధ్యలో ఆగిపోతున్నారంట, వారానికి మూడు రోజులు వచ్చి లెక్కలు, సైన్సు చెప్పే మనిషి కావాలన్నారు. మా బ్యాచ్‌లో ఇద్దరు టీచర్లు ఉన్నారు, ఒకడు ఆ ఊళ్ళోనే ఉంటాడు, నేను వెళ్తానన్నాడు. మిగిలిన డబ్బులో కొంత బస్సు చార్జీలకని విడిగా రాయించాం, మేడం చేతి మీదుగా ఖర్చవుతుంది, నెలనెలా లెక్క మెయిల్‌లో పంపుతారు.

మావాడి కూతురు గోడ రంగు తను చెప్తానంది. లేత పసుపు, కానీ పడుకుంటే కనిపించేది సీలింగే కాబట్టి దాని మీద కూడా ఏదైనా వేయమంది. మాకెవరికీ తట్టలేదది. బయోమెడికల్ అన్నా, ఆ కడిగే పెయింటు సీలింగ్‌కి కూడా వేయొచ్చా?

బయోమెడికల్ హైదరాబాద్
వేయొచ్చు. పెచ్చులు ఊడకుండా ముందు పుట్టీ బాగా గీకించండి, తేమ ఉంటే అది సరిచేయించాకే. పెయింటు వాసన పూర్తిగా పోయేదాకా పిల్లల్ని లోపలికి తేవద్దు, రెండు వారాలు కిటికీలు తీసి ఉంచమని చెప్పండి.

కరీంనగర్ అమ్మ
అన్నా, ఇంకొక్కటి. మీ 52 మంది బ్లడ్ గ్రూపులు రాసి ఒక లిస్టు సిస్టర్‌కి ఇయ్యండి. ప్లేట్‌లెట్స్ ఐదు రోజులకంటే ఎక్కువ నిల్వ ఉండవు, పిల్లగాడికి ముక్కుల నుంచి రక్తం కారుతుంటే రాత్రి పది గంటలకి మా ఆయన హాస్పిటల్ గేటు కాడ నిలబడి వచ్చేపోయేటోళ్ళని అడిగిండు. ప్లేట్‌లెట్స్ అయితే ఒక్క మనిషి ఏడాదికి 24 సార్ల దాకా ఇయ్యొచ్చు. దగ్గరలో ఉన్నోళ్ళ నంబర్లు పైన రాయండి.

పల్నాడు 98 బ్యాచ్
ఇవాళ రాత్రికే గ్రూపులో పెడతాను అక్కా. నాది బీ పాజిటివ్, మొదటి పేరు నాదే రాస్తున్నాను.