డీ7000 తర్వాత ఏది కొనాలి: డీ500నా, డీ750నా?

గంటస్తంభం, విజయనగరం:
నా నికాన్ డీ7000 పన్నెండేళ్ల పాతది. పాడవలేదు కానీ పోయిన సిరిమాను ఉత్సవంలో (పొడవాటి మాను కొన మీద పూజారి కూర్చుని ఊరేగే పండగ) నన్ను నట్టేట ముంచింది. మాను ముందుకు ఊగుతూ వస్తోంది, జనం అరటిపళ్లు విసురుతున్నారు, ఆ పళ్ల మధ్య నుంచి పూజారి గారి ముఖం ఒక్క క్షణం స్పష్టంగా కనిపించింది. నా వేలు బటన్ మీదే ఉంది. పది రా (కుదించని ముడి ఫైలు) ఫ్రేములకే బఫర్, అంటే కార్డులోకి రాసేలోపు ఫొటోలు ఆగే చోటు, నిండి కెమెరా ఆగిపోయింది. అది తేరుకునేసరికి మాను నన్ను దాటిపోయింది. ఇక మళ్లీ విజయదశమి వెళ్లిన మంగళవారం దాకా ఆగాలి.

నా దగ్గరున్న లెన్సులు: పాత స్క్రూ రకం (కెమెరా బాడీలోని మోటార్ తిప్పితేనే ఫోకస్ అయ్యేది) 80-200 ఎఫ్/2.8, ఏఎఫ్-ఎస్ 70-300, డీఎక్స్ (చిన్న సెన్సర్ కెమెరాలకు చేసిన) 35 ఎఫ్/1.8. చలికాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో పక్షులు, ఏడాదికి రెండు మూడు బంధువుల పెళ్లిళ్లు, సిరిమాను. ఇవే నేను తీసేవి. సెకండ్ హ్యాండ్‌లో డీ500, డీ750 రెండూ నా బడ్జెట్‌లోకి వస్తున్నాయి. ఒకటే కొనగలను. ఏది కొనమంటారు?

చంపావతి గట్టు:
నేను పెళ్లిళ్లు తీసి బతికేవాణ్ణి. కళ్లు మూసుకుని డీ750 తీసుకోండి. దాని ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం డీ500లోని డీఎక్స్ సెన్సర్ కంటే రెండింతల పైనే. అర్ధరాత్రి ముహూర్తం, మండపంలో ఒక పక్క తెల్లటి ఎల్ఈడీ, ఇంకో పక్క పసుపు బల్బులు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు పెళ్లికూతురి వేళ్లు వణుకుతుంటాయి, పెళ్లికొడుకు కళ్లు కిందికి దించుకుంటాడు. అక్కడ ఫ్లాష్ కొడితే ఆ క్షణం చచ్చిపోతుంది. చీకట్లో ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 6400కి పెంచినా నా డీ750 చర్మం రంగును నిలబెడుతుంది. ఇంకొకటి, డీ500కి బాడీ మీద ఫ్లాషే లేదు. డీ750కి ఉంది.

టెక్కలి దారి:
తమ్ముడూ, చంపావతి గట్టు అన్న చెప్పింది పెళ్లిళ్ల వరకు నిజం. ఐఎస్ఓలో ఫుల్ ఫ్రేమ్‌కి సుమారు ఒక స్టాప్ (అంటే సగం వెలుతురులోనూ అంతే నాణ్యత) లాభం ఉంది, దాన్ని నేను కాదనను. కానీ నువ్వు అడిగింది పోగొట్టుకున్న ఫొటో గురించి. అది పోయింది చీకటి వల్ల కాదు, బఫర్ వల్ల. డీ750 కూడా 14 బిట్ రాలో 15 ఫ్రేముల దగ్గరే ఆగుతుంది. సెకనుకి 6.5 ఫ్రేములు అనుకుంటే రెండు సెకన్లు దాటగానే నీ కథ మళ్లీ మొదటికొస్తుంది. డీ500 సెకనుకి 10 తీస్తుంది, మంచి ఎక్స్‌క్యూడీ (వేగంగా రాసే మెమరీ) కార్డు పెడితే రాలో 200 దాకా ఆగదు.

ఫోకస్ సంగతి కూడా చూడు. డీ750లో 51 పాయింట్లు ఉన్నా అన్నీ ఫ్రేము నడుమనే గుంపుగా ఉంటాయి. సిరిమాను నిలువు ఫ్రేములో పూజారి ఎక్కడుంటారు? పైన, అంచు దగ్గర. డీ750తో అయితే ఆయన్ని నడిమికి తెచ్చి తీయాలి, అప్పుడు కింద ఉన్న జనం ఫ్రేములోంచి పోతారు. ఆ జనం లేకపోతే సిరిమాను ఎక్కడిది? డీ500లో 153 పాయింట్లు దాదాపు అంచుల దాకా పరుచుకుని ఉంటాయి.

ఇక పక్షులు. నేను పదేళ్లుగా తేలినీలాపురం వెళ్తున్నాను. అందరూ సైబీరియా పక్షులంటారు గానీ ఆ గూడబాతులు (పెలికాన్లు) మన దక్షిణాసియావే. నౌపడ చిత్తడిలో మేసి వచ్చి ఊళ్లో చెట్ల మీద గూళ్లలో పిల్లల్ని సాకుతాయి. తల్లి వాలగానే పిల్ల తన తలను మెడ దాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చేస్తుంది. చూసేవాళ్లకి భయమేస్తుంది, ఊపిరాడదేమో అని. తల బయటికి తీసినప్పుడు ఒక్కోసారి ముక్కు పక్కన చేప తోక మెరుస్తుంది. ఆ మెరుపు కోసమే నేను తెల్లవారకముందే బయల్దేరతాను. నీ 70-300తో ఆ గూడు ఫ్రేములో చిన్నగానే ఉంటుంది. డీ750లో దాన్ని డీఎక్స్ సైజుకి కోస్తే మిగిలేది 10 మెగాపిక్సెళ్లు, నీ డీ7000 ఇచ్చే 16 కంటే తక్కువ. అదే గూడు డీ500లో 20.9 మెగాపిక్సెళ్లతో నిండుగా వస్తుంది. డబ్బు పెట్టి వెనక్కి వెళ్లడం దేనికి?

పైగా నీ 35 డీఎక్స్ లెన్సు. డీ750 మీద పెడితే అదీ కోత ఫ్రేమే.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం:
ఇప్పుడు డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా) కొనడమే తప్పు కదండీ. కొంచెం డబ్బు కలిపి నికాన్ మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరా జెడ్50 రెండోది కొత్తది తీసుకోండి. పక్షి కన్ను అదే పట్టుకుంటుంది, వారంటీ ఉంటుంది.

టెక్కలి దారి:
కన్ను పట్టుకోవడం నిజమే, నాకూ ఆశగానే ఉంది. కానీ తమ్ముడి 80-200 స్క్రూ లెన్సు. పాత లెన్సుల్ని జెడ్ కెమెరాకు బిగించే నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఆ స్క్రూ తిప్పే మోటార్ లేదు, ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఊగే మాను మీద అది అయ్యే పనేనా? డీ500, డీ750 రెండింటి బాడీలోనూ మోటార్ ఉంది.

చంపావతి గట్టు:
పక్షుల విషయంలో ఒప్పుకుంటాను. 10 మెగాపిక్సెళ్ల సంగతి నేను ఆలోచించలేదు, నా పని పది అడుగుల దూరంలోనే కాబట్టి. అయినా పెళ్లి మాటలో వెనక్కి తగ్గను. మేనకోడలి పెళ్లి ఫొటో బాగా రాకపోతే మీ అక్క జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది, గూడబాతు గుర్తుపెట్టుకోదు. డీ500 కొన్నా సరే, ఒక మంచి విడి ఫ్లాష్ కొనండి, మండపం పైకప్పు తెల్లగా ఉంటే దాని మీదికి కొట్టండి. డీ750 వైపే వెళ్తే మాత్రం ట్రైపాడ్ బిగించే రంధ్రంలో నల్ల చుక్క ఉందో లేదో చూడండి. ఫ్లేర్ (ఎదురు వెలుతురుకి ఫొటోలో పడే వింత చార) సమస్యకు సరిచేసిన వాటికి ఆ గుర్తు ఉంటుంది.

గంటస్తంభం, విజయనగరం:
అన్నలిద్దరికీ దండాలు. రాత్రి కూర్చుని పోయిన మూడేళ్ల ఫొటోలు ఒక్కొక్కటే తెరిచి చూశాను. నేను దాచుకున్నవాటిలో ఎక్కువ 200కి పైన జూమ్ చేసినవే. పెళ్లి ఫొటోల్లో నాకు నచ్చినవి చాలా వరకు పగటి పూటవి: పందిరి వేయడం, పసుపు దంచడం. డీ500కే మొగ్గుతున్నాను. ఆదివారం శ్రీకాకుళంలో ఒకటి చూడబోతున్నాను. ఏం చూసుకోమంటారు?

టెక్కలి దారి:
షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో) అడుగు. డీ500 షట్టర్‌ను 2 లక్షల క్లిక్కుల దాకా పరీక్షించారు, 60, 70 వేలున్నా భయపడకు. నీ 80-200 వెంట తీసుకెళ్లి రోడ్డు మీద వచ్చే ఆటోల మీద వరసగా కొట్టి చూడు. కార్డు అరలు రెండూ పని చేస్తున్నాయో లేదో చూడు, కొత్త ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం కార్డు కూడా తీసుకుంటుంది. నీ డీ7000 బ్యాటరీ ఇందులో పడుతుంది, కానీ దాని మీద లిథియం అయాన్ 01 అని ఉంటే గబగబా దిగిపోతుంది. 20 అని ఉన్నది ఒకటి కొనుక్కో.

కొన్నాక ఒక ఉదయం టెక్కలి రా. చీకటి ఉండగానే బస్టాండ్ దగ్గర ఉంటాను.