అప్‌డేట్: సైట్స్ ఏపీ పరీక్ష ముందా, మట్టి పని ముందా?

ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్‌గా పర్యావరణహిత డిజైన్ వైపు వెళ్లాలంటే ముందు సైట్స్ ఏపీ (స్థలాల పర్యావరణహిత డిజైన్‌కు రేటింగ్ ఇచ్చే సైట్స్ పద్ధతిలో అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ గుర్తింపు) పరీక్ష రాయాలా, సైటు మీద పని నేర్చుకోవాలా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే రెండూ కలిపి నడుపుతున్నాను. సైట్స్ రేటింగ్‌లో ఒక ప్రాజెక్టుకు మొత్తం 200 పాయింట్లు, 70 వస్తే సర్టిఫైడ్, 135 వస్తే ప్లాటినం. ఇదంతా చదివితే వచ్చేస్తుంది, మట్టి అలా రాదు. రెయిన్ గార్డెన్ (వాన నీళ్లు నేలలోకి ఇంకేలా చేసే పల్లపు మొక్కల మడి) కోసం గుంత తవ్వి, ముందు నీళ్లు పోసి నానబెట్టి, మళ్లీ నింపి గంటకు ఎంత ఇంకుతుందో కొలిచాం. యంత్రాలు తిరిగి గట్టిపడ్డ చోట నీళ్లు దిగనే లేదు. డ్రాయింగులో సరిగ్గా అక్కడే గార్డెన్ ఉంది మరి! పక్కకు జరిపించాం. పరీక్ష ఫీజు ఆఫీసువాళ్లే కడతామన్నారు. అడిగి చూడమన్నవాళ్లకు థ్యాంక్స్. మొక్కల ఎంపిక మీద ఇంకో సందేహం ఉంది, విడిగా అడుగుతాను.