మసాజ్‌తో పాటు కప్పింగ్ కూడా చేయించుకోవాలా?

మియాపూర్ ఉద్యోగి:
రోజంతా ల్యాప్‌టాప్ ముందే ఉంటాను. ఎడమ భుజం, మెడ రాయిలా బిగుసుకుపోయాయి. మసాజ్ చేయించుకుంటే రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత మళ్లీ మామూలే. మొన్న వెళ్తే "కప్పింగ్ కూడా చేయించుకోండి సార్, ఒంట్లో విషాలన్నీ బయటికొస్తాయి" అన్నారు. అంటే ఒంటి మీద కప్పులు బోర్లించి, లోపలి గాలి తగ్గించి చర్మాన్ని పైకి లాగుతారట. దాంతో పడే గుండ్రటి మచ్చలు చూస్తే నాకు టెన్షన్. చేసేవాళ్లు, చేయించుకున్నవాళ్లు, వద్దనేవాళ్లు అందరూ చెప్పండి.

మసాజ్ థెరపిస్ట్, గుంటూరు:
పదకొండేళ్లుగా ఇదే నా పని. కప్పు పనికొస్తుందండీ, కానీ వాళ్లు చెప్పిన కారణానికి కాదు. మసాజ్‌లో చెయ్యి కండరాన్ని కిందికి నొక్కుతుంది, కప్పు చర్మాన్ని పైకి లాగుతుంది. వేలు పెడితేనే "అబ్బా" అనే మనిషిని ఇంకా గట్టిగా నొక్కడం కంటే ఇలా లాగితేనే ఓర్చుకోగలుగుతారు. నేను నూనె రాసి, సిలికాన్ కప్పును తక్కువ పట్టుతో మెడ నుంచి భుజం దాకా ఐదారు నిమిషాలు మెల్లగా జరుపుతాను. తర్వాత మళ్లీ చేత్తోనే.

మచ్చలు విషం కాదు. లాగినప్పుడు చర్మం కింది సన్నటి రక్తనాళాలు చిట్లి రక్తం ఊరుతుంది, అంతే. వారం పది రోజుల్లో పోతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఆ మచ్చలు టీవీలో చూసినప్పటి నుంచి, "నల్లగా వచ్చేలా పెట్టండి" అని అడిగేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మచ్చ నల్లబడటం వైద్యం ఫలించిందనడానికి గుర్తు కాదు.

ఫిజియో, వైజాగ్:
విషాల మాట కొట్టేసినందుకు సంతోషం మేడమ్. మిగతాదే నాకు ఒప్పుదల కాదు. కప్పింగ్ మీద వచ్చిన పరిశోధనలు చాలావరకు చిన్నవి. ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగుల్లో కొందరికి అసలు కప్పులు, కొందరికి గాలి పట్టు నిలవని ఉత్తుత్తి కప్పులు పెట్టి చూశారు. మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్ల కంటే కప్పులవాళ్లకు నొప్పి తగ్గింది. కానీ అసలుకూ ఉత్తుత్తికీ మధ్య తేడా తేలలేదు. ఆ డబ్బేదో భుజం వ్యాయామాలు నేర్చుకోవడానికి పెట్టమంటాను.

మసాజ్ థెరపిస్ట్, గుంటూరు:
ఆ జబ్బు వేరు, కూర్చుని కూర్చుని బిగిసిన భుజం వేరు కదా సార్. కప్పు నయం చేస్తుందని నేనూ అనను. మెడ తిప్పలేని మనిషి మీరు చెప్పే వ్యాయామం ఎలా చేస్తాడు? ఆ రెండు రోజుల ఉపశమనంలోనే మొదలుపెట్టమని చెబుతాను.

కర్నూలు నుంచి:
మా నాన్నకు పదిహేనేళ్లుగా షుగర్, కాళ్లు మొద్దుబారాయి. నడుము నొప్పికని మసాజ్‌కు వెళ్తే నిప్పుతో వేడిచేసిన గాజు కప్పులు పిక్కలకు కూడా పెట్టారు. వేడి ఆయనకు తెలియలేదు. ఇంటికొచ్చాక చూస్తే బొబ్బలు. పుండు మానడానికి ఆరు వారాలు పట్టింది. "షుగర్ ఉందా" అని ఒక్క మాట అడిగి ఉంటే ఇంత జరిగేది కాదు.

పాతబస్తీ నుంచి:
ఒక సంగతి కలిపేయకండి. హిజామా అంటే గాట్లు పెట్టి రక్తం తీసేది, యునానీ వైద్యంలో భాగం. ఆయుర్వేదంలోనూ కొమ్ముతో, సొరకాయ బుర్రతో రక్తం తీయడం సుశ్రుతుడి కాలం నుంచీ ఉన్నదే. మా ఇంట్లోవాళ్లు అర్హత ఉన్న యునానీ డాక్టర్ దగ్గరే, కొత్త బ్లేడు, కొత్త కప్పులు చూసుకునే చేయించుకుంటారు. వాడిన బ్లేడుతో హెపటైటిస్ బి రావచ్చు. మసాజ్ సెంటర్‌లో గాటు పెడతానంటే లేచి వచ్చేయండి భాయ్.

మియాపూర్ ఉద్యోగి:
అందరికీ థ్యాంక్స్. గాట్లు లేకుండా, జరిపే కప్పు ఒకసారి చూద్దామనుకుంటున్నా. నిరుడు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా. పర్లేదా?

మసాజ్ థెరపిస్ట్, గుంటూరు:
అయితే కప్పు వద్దండీ. నేనైతే పెట్టను. ఆ మాత్రలు వాడేవాళ్లకు చిన్న పట్టుకే లోపల రక్తం ఎక్కువగా ఊరి పెద్దగా కములుతుంది. అలాగని మాత్రలు సొంతంగా ఆపకండి.

ఫిజియో, వైజాగ్:
సార్, ఎడమ భుజం అన్నారు, స్టెంట్ అన్నారు. ఇది గుండె నుంచి వచ్చే నొప్పీ కావచ్చు. మెట్లెక్కినప్పుడో, గబగబా నడిచినప్పుడో నొప్పి పెరుగుతోందా? ఆగితే తగ్గుతోందా? అలా ఉంటే మసాజ్ కూడా ఆపి, ఈరోజే మీ గుండె డాక్టర్‌ను కలవండి. కూర్చున్నప్పుడు వస్తే, చెమటలు పడితే వెంటనే 108కి ఫోన్ చేయండి.

మియాపూర్ ఉద్యోగి:
మెట్ల దగ్గర కొంచెం ఎక్కువే అవుతోంది. ఇప్పుడే డాక్టర్‌కు ఫోన్ చేశాను. సాయంత్రం నాలుగింటికి రమ్మన్నారు.